ప్రస్థానం సంచి

ఆ మంగళవారం పొద్దున అమెరికాలో, మోరిస్‌విల్ అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు అయిదుగురు. వంటింట్లో దారికి పులిహోర కలుపుతున్న రాధారాణి ఒకరు. హాల్లో మూడు సంచులను ఒకదాని తర్వాత ఒకటి త్రాసు మీద పెట్టి, తీసి, మళ్ళీ పెడుతున్న ఆమె భర్త ఫణి ఒకరు. సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని, ముక్కు చివర కళ్ళజోడుతో పంచాంగం కాగితం చదువుతున్న ఫణి తల్లి శేషమ్మ ఇంకొకరు. ఆరు నెలలుండి వెళ్దామని ఆవిడ మార్చిలో వచ్చింది. తెల్లవారుతూనే పై అంతస్తు నుంచి తన సంచితో దిగివచ్చిన పదిహేడేళ్ళ నైనిక నాలుగో మనిషి. అయిదోది ఫణి కూతురు కావ్యశ్రీ, పదిహేనేళ్ళ పిల్ల. మూల కుర్చీలో కూర్చుని, తుడిచిన బూట్లనే మళ్ళీ తుడుస్తోంది. ఆమె గదిలో ఉన్నట్టు ఎవరైనా పిలిస్తే తప్ప తెలియదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫణి, కావ్యశ్రీ, నైనిక పెరూ దేశం వెళ్ళడానికి విమానం ఎక్కాలి. అక్కడ కుస్కో అనే ఊళ్ళో గైడును కలుసుకుని, అతని వెంట నాలుగు రోజులు కొండల్లో నడిచి, పూర్వం ఇంకాలు కట్టి విడిచిపోయిన మచుపిచ్చు అనే రాతి నగరాన్ని చేరాలి. రైల్లో వెళ్ళే దారి వేరే ఉంది. కానీ కాలేజీలో చేరేలోపు ఒక పెద్ద పని చేయాలని నైనిక పట్టుబట్టింది. జిమ్ములో నడిచిన నడకంతా ఎక్కడో ఒకచోట వాడాలని ఫణికీ ఉబలాటం పుట్టింది. నైనిక తల్లి ఆసుపత్రిలో నర్సు, సెలవు దొరకదు. ఫణి తోడుంటాడంటేనే ఆవిడ పిల్లను పంపడానికి ఒప్పుకుంది. రాధారాణి మాత్రం మొదట్లోనే చేతులెత్తేసింది. "నాకు రెండో అంతస్తు ఎక్కితేనే దేవుడు కనిపిస్తాడు. నాలుగు రోజులు ఎక్కితే ఏకంగా ఆయన పక్కన కూర్చోవడమే" అంది.

ఇక కావ్యశ్రీ సంగతి. నర్సీపట్నం అవతల చింతలమెట్ట వాళ్ళ ఊరు. హైస్కూలు కొండకు ఆవలి పక్కన ఉండేది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు రోజూ కొండ ఎక్కి, దిగి, సాయంత్రం మళ్ళీ ఎక్కి, దిగి చదువుకుంది. నిరుడు ఆగస్టులో తల్లితో కలిసి తండ్రి దగ్గరికి వచ్చింది. ఇక్కడ నేల అరచేయిలా చదును. స్కూలుకి బస్సు, కొట్టుకి కారు. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు 'హియర్' అనడం తప్ప, పది నెలల్లో ఆమె ఇంగ్లీషులో తనంత తానుగా అన్న మాట ఒక్కటీ లేదు. ఏ కోరికా కోరలేదు కూడా. అలాంటి పిల్ల, కొండ ప్రయాణం మాట చెవిన పడగానే వంటింట్లోకి వచ్చి తల్లి కొంగు పట్టుకుని, "అమ్మా, నేనూ వెళ్తాను" అంది. రాధారాణి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ రాత్రే ఫణి మూడో పేరు రాశాడు.

జనవరిలో ఆ కొండదారికి పర్మిట్లు వచ్చాయి. ఒక్కో పర్మిట్ మీద మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు అచ్చయి ఉంటాయి. ఒకరిది ఇంకొకరికి చెల్లదు, తేదీ మారదు. ఆ రోజు నుంచీ కావ్యశ్రీ స్కూలు సంచిలో బియ్యం నింపుకుని, భుజాన వేసుకుని, రోజూ పొద్దున్నే బిల్డింగు బయటి మెట్లు నలభైసార్లు ఎక్కి దిగేది.

మే నెల చివర్లో గైడు వీడియో కాల్ చేశాడు. పేరు ఎడ్సన్. గాలికి కమిలిన బుగ్గలు, చెవుల మీదికి జారిన ఉన్ని టోపీ. ఇంగ్లీషు అతనికీ సొంత భాష కాదు. ఒక్కో మాటను తీసి బల్ల మీద పెట్టి, తర్వాతది వెతుక్కున్నట్టు మాట్లాడాడు. టీచర్లు చెప్పింది సగం కూడా పట్టుకోలేని కావ్యశ్రీకి అతను చెప్పింది పొల్లు పోకుండా అర్థమైంది.

"మీలో కొండలు నడిచిన వాళ్ళు ఎవరు?" అని అడిగాడు ఎడ్సన్.

"నేను డైలీ ట్రెడ్‌మిల్ చేస్తాను" అన్నాడు ఫణి.

"మంచిది సార్. కానీ ట్రెడ్‌మిల్ ఆపితే ఆగుతుంది. మా కొండ ఆగదు" అని నవ్వాడతను.

శేషమ్మకి ఇంగ్లీషు రాదు. నైనిక వచ్చీరాని తెలుగులో చెబుతుంటే వింటోంది. ఆ ప్రశ్న అర్థం కాగానే మనవరాలి రెక్క పుచ్చుకుని ఫోను ముందుకు లాగింది. "ఇదిగో బాబూ, మా గుంట! ఐదేళ్ళు కొండెక్కి బడికెళ్ళింది. చెప్పవే, నోట్లో ఏటున్నాది?"

కావ్యశ్రీ అయిదు వేళ్ళు చూపించింది.

"అయిదుసార్లా?"

తల అడ్డంగా ఊపింది.

"అయిదేళ్ళా? రోజూనా?"

నిలువుగా ఊపింది. ఎడ్సన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అయితే నువ్వు నా పక్కన నడువు, అందరికంటే ముందు. నాలుగో రోజు పొద్దున సూర్యద్వారం దగ్గరికి చేరతాం. ముందు నడిచిన వాళ్ళకే నగరం మొదట కనిపిస్తుంది."

ఫోను పెట్టేసేముందు అతను ఇంకో మాట చెప్పాడు. కాలిబాట మొదలయ్యే చోట కాపలావాళ్ళు పాస్‌పోర్టునీ, పర్మిట్‌నీ, మొహాన్నీ మూడింటినీ కలిపి చూస్తారట. ఫోటో కాపీ పనికిరాదట. "నిరుడు ఒక ప్రొఫెసర్ పాస్‌పోర్టు హోటల్లో మర్చిపోయి వచ్చాడు. ఏడ్చాడు. అయినా వెనక్కి పంపేశారు. పాస్‌పోర్టు లేకపోతే కొండ లేదు."

నైనిక అది తెలుగులో చెప్పగానే శేషమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒలమ్మో, అంత చదువుకున్నోడినే తిప్పేశారా! అయితే ఆ పుస్తకమే ప్రాణమన్నమాట." ఆవిడ ఆ మాట ఊరికే అనలేదు. మనసులో ముడివేసి పెట్టుకుంది.

జూన్‌లో ఒక రోజు ఆవిడ గుడిలో పరిచయమైన వసంతలక్ష్మి దగ్గర అమెరికా కాలానికి లెక్కకట్టిన పంచాంగం తెచ్చుకుని చూసింది. ప్రయాణం రోజు మంగళవారం. అదే చాలదన్నట్టు ఆ రోజు మఖ నక్షత్రం. కావ్యశ్రీది రోహిణి. రోహిణికి మఖ ఏడోది, నైధన తార. ఆ తారలో గడప దాటకూడదు.

"టిక్కెట్లు మార్చడం కుదరదమ్మా" అన్నాడు ఫణి.

"మార్చమని నేనన్నానా? ప్రస్థానం పెడితే సరిపోద్ది."

నైనిక అడిగింది. "ప్రస్థానం అంటే ఏంటి నానమ్మగారూ? అది పూజానా?"

"పూజ కాదే. మనం బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందున్న మంచి రోజున మన సామాను ఒకటి మూట కట్టి, మనం పోయే దిక్కునున్న వేరే ఇంట్లో పెట్టి రావాలి. ఆ గడియకే మనం బయల్దేరిపోయినట్టు లెక్క. తర్వాత ఏ రోజునైనా వెళ్ళి, ఆ మూట తీసుకుని అట్నించటే పోవడమే. మళ్ళీ ఇంట్లోకి తేకూడదు."

"సో, ఎర్లీ చెక్-ఇన్" అంది నైనిక. ఫణి పగలబడి నవ్వాడు. శేషమ్మకి అర్థం కాకపోయినా, పిల్ల మెచ్చుకుందనే అనుకుంది.

శనివారం పునర్వసు, కావ్యశ్రీకి క్షేమ తార. ఆ రోజు ఉదయం శేషమ్మ గుడ్డసంచిలో రెండు దోసిళ్ళ బియ్యం, పసుపుకొమ్ము, రెండు వక్కలు, కావ్యశ్రీ ఉన్ని టోపీ పెట్టి మూతి కట్టింది. నైనిక ఫోనులో దిక్సూచి చూసి పెరూ దక్షిణాన ఉందని తేల్చింది. ఆ కాంప్లెక్సులో తెలుగువాళ్ళున్న ఇళ్ళన్నీ ఉత్తరానే ఉన్నాయి. దక్షిణాన పచ్చిక దాటితే ఎదురయ్యే మొదటి గుమ్మం గ్లోరియా అనే ముసలావిడది. సాయంత్రం నడకలో శేషమ్మా ఆవిడా కలుస్తుంటారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మోకాళ్ళ నొప్పుల గురించి చేతులతో అరగంట మాట్లాడుకుంటారు.

"ఆవిడ మంచి మనిషి. అక్కడే పెడదాం. ఎవరి ప్రయాణమో వాళ్ళే మోసుకెళ్ళాలి" అని సంచి కావ్యశ్రీ చేతికిచ్చింది. "మంగళవారం తీసుకుంటాం, అంతదాకా మీ ఇంట్లో ఉంచండి అని చెప్పు. చేతికిచ్చి రా."

చెప్పాల్సిన వాక్యాన్ని నైనిక ఇంగ్లీషులో మూడుసార్లు పలికించింది. పచ్చిక దాటుతున్నంత సేపూ కావ్యశ్రీ దాన్ని నోట్లో తిప్పుకుంటూనే వెళ్ళింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల టీవీలో ఎవరో నవ్వారు. అంతే, వాక్యం ఎగిరిపోయింది. బెల్లు దాకా వెళ్ళిన వేలు వెనక్కి వచ్చింది. సంచిని తలుపు పిడికి తగిలించి, పిల్లిలా వెనక్కి వచ్చేసింది.

"ఇచ్చావా?" అంది శేషమ్మ.

"ఆఁ" అంది కావ్యశ్రీ.

మర్నాడు అందరూ గుడికి వెళ్ళారు, ఆమె ఒక్కతే ఇంట్లో ఉంది. బెల్లు మోగింది. తలుపు కంతలోంచి చూస్తే గ్లోరియా తెల్ల జుట్టు. 'ఈ బియ్యమేమిటని అడుగుతుంది. నేనేం చెప్పను?' అనుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. బెల్లు మళ్ళీ మోగింది. తర్వాత అడుగులు దూరమయ్యాయి. తేలు కుట్టిన దొంగలా ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. బియ్యమూ టోపీయే కదా, పోతే పోయాయి అనుకుంది.

మంగళవారం పదిగంటలకి ఫణి సొరుగు తెరిచి కేకేశాడు.

"రాధా! పాస్‌పోర్టులు రెండే ఉన్నాయేంటి? నాది, నీది. కావ్యది ఏది?"

"కంగారెందుకురా? అది శనివారమే బయల్దేరిపోయింది" అంది శేషమ్మ తాపీగా.

"ఎక్కడికి?"

"ప్రస్థానంలో పెట్టాను. టోపీ కింద, చేతిరుమాల్లో చుట్టి. ఆ పుస్తకం లేకపోతే కొండే లేదన్నాడు కదా ఆ అబ్బాయి. అసలుది ఇంట్లో ఉంచుకుని బియ్యమూ వక్కలూ పంపితే అది ప్రయాణం ఎలాగవుద్ది?"

రాధారాణి పసుపు చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యా! పాస్‌పోర్టుని ఎవరైనా పరాయింట్లో పెడతారా?"

"పరాయింట్లోనే పెట్టాలి రాధా. సొంతింట్లో పెడితే అది సొరుగు. ప్రస్థానం కాదు."

నైనికకి నవ్వాగలేదు. ఫణికీ సగం నవ్వొచ్చింది. "సరే, ఎదురిల్లే కదా. కావ్యా, పరిగెత్తు. థాంక్స్ చెప్పి తీసుకురా."

కావ్యశ్రీ కదల్లేదు. చేతిలో బూటు కిందకి జారింది. అందరూ అటు చూశారు.

"నాన్నా, నేను ఆవిడ చేతికివ్వలేదు."

"మరి?"

"తలుపు పిడికి తగిలించి వచ్చేశాను. ఆదివారం ఆవిడ వచ్చి బెల్లు కొట్టింది. నేను తీయలేదు."

"ఎందుకు తీయలేదే?" అంది రాధారాణి.

"ఏం మాట్లాడాలో తెలీక."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆ పిల్లకి. ఫణి గడియారం చూసుకుని, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "చూడు తల్లీ. పదకొండుకి బయల్దేరకపోతే ఫ్లైట్ మిస్ అవుతాం. నైనికని ఒక్కదాన్నే పంపలేను, వాళ్ళమ్మకి మాటిచ్చాను. నేను వెళ్ళక తప్పదు. అప్పటికి దొరక్కపోతే నువ్వు ఆగిపోవాల్సి వస్తుంది. అర్థమైందా?"

కావ్యశ్రీకి అర్థమైంది. అయిదారు నెలలుగా కళ్ళు మూసుకుంటే కనిపించే దారి, ఎడ్సన్ పక్కన తను ముందు నడిచే దారి, దాన్ని తీసుకెళ్ళి ఒక తలుపు పిడికి తగిలించి వచ్చేసింది తనే.

ఆ తర్వాత ఇల్లు చెదిరిన తేనెపట్టయింది. ఫణి వెళ్ళి గ్లోరియా తలుపు బాదాడు. జవాబు లేదు. అటు నుంచటే కాంప్లెక్సు ఆఫీసుకి పరిగెత్తాడు. నైనిక ఆ బిల్డింగులో ఇల్లిల్లూ తట్టి ఎవరికైనా సంచి దొరికిందేమో అడగడానికి పోయింది. రాధారాణి భర్తకి ఫోన్ చేస్తే, ఆ ఫోను డైనింగ్ టేబుల్ మీద పులిహోర గిన్నె పక్కనే మోగింది.

శేషమ్మ మాత్రం కిటికీలోంచి ఎండ చూసింది. "పది దాటింది కదూ? ఇప్పుడావిడ ఇంట్లో ఉండదు. మంగళవారం భుజాన తువ్వాలేసుకుని ఈతకొలను కాడికి పోద్ది."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"నన్నెవరడిగారు? అందరూ పరిగెత్తేవోళ్ళే." ఆవిడ మనవరాలి వైపు తిరిగింది. "మీ అమ్మ ఆ మలుపు దాటేసరికి కూలబడిపోద్ది. నువ్వెళ్ళు."

"నానమ్మా, నేను మాట్లాడలేను."

"శనివారం కాళ్ళే వెళ్ళొచ్చాయి. ఇవాళ నోరు కూడా తీసుకెళ్ళు. పో."

కావ్యశ్రీ చెప్పులేసుకుని పరిగెత్తింది. కార్ల వరస దాటి, గులాబీ పూల చెట్ల పక్క నుంచి, బాతులు నడిచే గట్టు మీదుగా అయిదు నిమిషాల దారి మూడు నిమిషాల్లో వెళ్ళింది. ఈతకొలను చుట్టూ ఎత్తయిన ఇనుప కంచె. గేటు తీయడానికి కావాల్సిన కార్డు ఇంట్లో ఉండిపోయింది. లోపల డజను మంది ముసలమ్మలు మెడలోతు నీళ్ళలో నిలబడి, పాటకి తగ్గట్టు చేతులెత్తి దించుతున్నారు. స్పీకరు హోరెత్తుతోంది. అందరి తలలకీ రబ్బరు టోపీలు. ఎవరు గ్లోరియాయో పోల్చుకునే వీల్లేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ" అంది. ఆ మాట ఆమెకే వినపడలేదు.

ఇంకోసారి అంది. ఒకావిడ ఇటు చూసింది. కానీ కంచె పక్క గోడ మీది గడియారం చూసి మళ్ళీ చేతులెత్తింది. పదీ ఇరవై.

చింతలమెట్ట కొండ మీద ఒక కూత ఉంది. ముందు నడిచేవాళ్ళు మలుపు తిరిగాక, వెనకబడినవాళ్ళు దారి తప్పకుండా వేసే కూత. రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టి, కడుపులోంచి లేపి, చివర పైకి విరవాలి. అది లోయలో పడి ఎదుటి కొండని తట్టి వస్తుంది. కావ్యశ్రీ కంచెకి ఆనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ కూత వేసింది.

"ఓహోఓఓ... హోయ్!"

గట్టు మీద బాతులు లేచిపోయాయి. ఎవరో స్పీకరు ఆపేశారు. డజను రబ్బరు టోపీలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

ఇక వెనక్కి పోవడానికి లేదు. "మిస్ గ్లోరియా! ఐ యామ్ బ్యాగ్ గర్ల్! మై పాస్‌పోర్ట్! టుడే ఐ గో మౌంటెన్! ప్లీజ్!"

నీలం టోపీ ఒకటి నీళ్ళలోంచి లేచింది. "ఇప్పటికి వచ్చావా!" అని నెమ్మదైన ఇంగ్లీషులో అంటూ గ్లోరియా మెట్లెక్కి బయటికొచ్చి, తువ్వాలు చుట్టుకుని గేటు తీసింది. "శనివారం నా తలుపుకి బియ్యం కాసింది. ఎవరో బహుమతి ఇచ్చారనుకుని వండుకుని తిన్నాను. చాలా బాగుంది. తింటూ తింటూ సంచి అడుగున చూస్తే ఓ పుస్తకం. పాస్‌పోర్టు ఎవరూ బహుమతిగా ఇవ్వరు కదా. లోపల నీ ఫోటో. పొద్దున్నే మెట్లెక్కే పిల్లవి నువ్వే అని గుర్తుపట్టి ఆదివారం మీ ఇంటికి వచ్చాను."

"సారీ" అంది కావ్యశ్రీ.

"తలుపు వెనక నువ్వున్నావు. నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. సీటు కింద దాక్కున్న పిల్లలు ఊపిరి బిగబడితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆఫీసులో ఇద్దామనుకున్నాను గానీ, ఇంత ముఖ్యమైనది ఎవరి చేతుల్లోనో పెట్టబుద్ధి కాలేదు. మీ నానమ్మ నడకకి వస్తే ఇద్దామని చూశాను. నిన్నంతా వాన. పద, నా వంటింటి బల్ల మీద ఉంది."

ఆవిడ నడక నెమ్మది. ఒక అడుగు వేసి, తుంటి సర్దుకుని, ఇంకో అడుగు వేస్తుంది. కావ్యశ్రీ కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. ఆమె వాటిని ఆపి, ఆవిడ చేయి పట్టుకుని పక్కనే నడిచింది.

"ఏ కొండ?" అంది గ్లోరియా.

ఎడ్సన్ మాట్లాడిన తీరు గుర్తొచ్చి, కావ్యశ్రీ ఒక్కో మాటా తీసి కింద పెట్టడం మొదలుపెట్టింది. మొదటి రోజు నది పక్కన, సులువు. సంచులు మోసేవాళ్ళు మనకంటే ముందే వెళ్ళి డేరా వేసి, టీ కాచి ఉంచుతారు. రెండో రోజు పైకి, పైకి, ఇంకా పైకి. గాలి పలచగా ఉంటుంది, నత్తలాగా నడవాలి. మూడో రోజు కిందకి, అన్నీ రాతి మెట్లే, వేల మెట్లు, ఇంకాలు చెక్కినవే. దారి పొడుగునా పాడుబడిన ఊళ్ళు. ఒకదాని పేరు మబ్బుల మీది ఊరని అర్థం. నాలుగో రోజు చీకటితో లేచి నడిస్తే సూర్యద్వారం. అక్కడి నుంచి కిందకి చూస్తే నగరం.

అది ఆమె ఇంగ్లీషులో చెప్పిన మొదటి కథ. మధ్యలో కాలాలు తప్పాయి, మాటలు చాలక చేతులు పనిచేశాయి. గ్లోరియా ఎక్కడా తొందరపెట్టలేదు.

"అందరికంటే ముందు ఎవరు నడుస్తారు?" అంది చివర్లో.

"నేను" అంది కావ్యశ్రీ. అప్పుడే ఒక విమానం వాళ్ళ తలల మీదుగా కిందకి దిగుతూ పోయింది. ఆ చప్పుడులో ఆ మాట వినిపించలేదేమోనని ఇంకోసారి గట్టిగా అంది.

బల్ల మీద సంచి మడతపెట్టి ఉంది. అందులో టోపీ, పసుపుకొమ్ము, చేతిరుమాలు చుట్టిన పాస్‌పోర్టు. వక్కలు లేవు. "ఆ రెండు గింజలూ ఉడుతలకి పెట్టాను. అవీ తినలేకపోయాయి" అంది గ్లోరియా. కావ్యశ్రీ నవ్వింది. ఆవిడని గట్టిగా కౌగిలించుకుంది. ఎదుటి గుమ్మం వైపు పరిగెత్తుతూ పాస్‌పోర్టు తెరిచి చూసుకుంది. ఫోటోలో తను బెదురుగా చూస్తోంది.

పదీ యాభై. కారు డిక్కీ తెరిచి ఉంది. ఫణి చొక్కా చెమటతో తడిసిపోయింది. కూతురి చేతిలో సంచి చూసి అతను కారుకి చేరగిలబడిపోయాడు. నైనిక ఎదురొచ్చింది. "కావ్యా, అరిచింది నువ్వా? నేను థర్డ్ బిల్డింగ్‌లో విన్నాను అది! ఎవరో పడిపోయారు అనుకున్నా!"

"బియ్యం ఆవిడ వండుకుని తినేసింది నానమ్మా!" అని దూరం నుంచే అరిచింది కావ్యశ్రీ.

గుమ్మం లోపల నిలబడ్డ శేషమ్మ ముందుకి వంగింది. "తిందా? కడుపునిండా తిందా?"

"చాలా బాగుందట."

"మరింకేటి? నీ ప్రయాణంలో మొదటి అన్నం ఒకరి కడుపు నింపింది. అంతకంటే శకునం ఏటుంటాది?"

రాధారాణి బూట్లూ పులిహోర డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. కూతురు మెట్టు మీద కూర్చుని బూట్లేసుకుంటుంటే, చెదిరిన జుట్టు వెనక్కి దువ్వింది. "చలిగా ఉంటే రెండు మేజోళ్ళు వేసుకో. నాన్న చేత కూడా వేయించు" అంది. ఫణి కారు స్టార్ట్ చేశాడు. నైనిక వెనక సీట్లో జరిగి చోటిచ్చింది.

కావ్యశ్రీ లేచి గుమ్మం వైపు నడిచింది. కాళ్ళకి దండం పెట్టకుండా ఎలా వెళ్తుంది? అదీగాక చెప్పాల్సిన మాట ఒకటుంది.

"నానమ్మా, శనివారం నీతో అబద్ధం చెప్పాను. ఇచ్చేశానని..."

"తెలుసులే. ఇప్పుడైనా నోరొచ్చింది కదా, అది చాలు."

"దండం పెట్టి వెళ్తాను" అని గడప మీదికి కాలెత్తింది.

"ఆగు! ఆ సంచి చేత పట్టుకుని లోపలికి అడుగేశావంటే, శనివారం నుంచి నడిచిందంతా వెనక్కొచ్చేస్తాది. దండం పెట్టినట్టే, నేను దీవించినట్టే."

"ఒక్క నిమిషం నానమ్మా..."

"ఒక్క నిమిషమూ లేదు, అర నిమిషమూ లేదు. నువ్వు ఈ ఇంట్లో లేవు. వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఇక ముందుకి నడు" అని, నవ్వు దాచుకోవడానికి పెదవులు బిగించి, శేషమ్మ మనవరాలి ముఖం మీదే తలుపు వేసేసింది.